వాననీళ్ల కుండ

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో నరసరావుపేటలో నేను తెలుగు పంతుల్ని. నాతో ఒకే గదిలో ఉన్న సైన్సు మాస్టారు ఒక్కచోట కుదురుగా నిలిచేవారు కాదు. చేతిలో గాజుగొట్టం, దాని నిండా రెజిన్ అనే తేనెరంగు గింజలు. గొట్టాన్ని గోటితో టకటకా కొడుతూ గదంతా తిరిగేవారు.

"నీలంగా ఉండే మైలుతుత్తం నీళ్లు పైన పోస్తే ఈ గింజలు రాగిని పట్టేసుకుంటయ్యి పంతులుగారూ. కింద రంగులేని నీళ్లే దిగుతయ్యి. సోమవారం స్కూలు కమిటీవాళ్లకి చూపిస్తా. లేబరేటరీకి గది ఇయ్యక ఏం జేస్తారు?"

గింజలు కడగడానికి ఆయన ఒక కుండలో వాననీళ్లు పట్టి ఉంచారు. ఆ సంగతి తెలియక, ఆదివారం ఎండనపడి వచ్చి నా చెంబుతో తాగినన్ని తాగి, మిగిలినవి నెత్తిన పోసుకున్నాను. ఖాళీ చేసినవాడే నింపాలి కదా అని బావినీళ్లు తెచ్చి పోశాను. సాయంత్రమంతా ఆయన ఆ కుండెడు నీళ్లతోనే గింజలు కడిగారు.

సోమవారం కమిటీ ముందు మైలుతుత్తం నీళ్లు నీలంగానే గొట్టంలోంచి నేరుగా కిందికి దిగిపోయాయి. పెద్దమనుషులు లేచి వెళ్లిపోయారు.

మాస్టారు గదికొచ్చి కుండలో నీళ్లు పుక్కిట పట్టి ఉమ్మేశారు. ఆయన కదలకుండా నిలబడటం అదే మొదటిసారి చూశాను.

"సున్నం. మన బావినీళ్లే. గింజల నిండా సున్నం కూర్చుంటే ఇంక రాగికి చోటేడుంది?"

బావినీళ్లు ఎవరు పోశారని ఆయన అడగలేదు.

మర్నాడు టకటక చప్పుడుకే మెలకువొచ్చింది. నా తలాపున ఒక కొత్త కుండ, నిండా బావినీళ్లు. మూత మీద నా చెంబు బోర్లించి ఉంది.