రెండో గోల్‌కీపర్ గజ్జల నొప్పి

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, ఐర్లండ్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్ ఒకదానిలో హెడ్ ఫిజియోథెరపిస్టుగా చేరాను. అంతకుముందంతా ఆసుపత్రుల్లో మోకాళ్లు, నడుములు చూసినదాన్ని. ప్రతి ఉదయం ఆటగాళ్లను పరీక్షించి, పేరు పక్కన ఆకుపచ్చ, పసుపు, ఎరుపుల్లో ఒక రంగు వేసి, తొమ్మిదిన్నరకల్లా మేనేజర్‌కు పంపాలి. అక్కడ మేనేజరంటే జట్టును ఎంపిక చేసే కోచ్. ఎరుపు పడితే ఆ రోజు ఆట లేదు. పసుపంటే నేను చెప్పినంతవరకే ఆడాలి. రంగుల విషయంలో మొండిదాన్నని నాకు పేరు.

జోయెల్ ఆ జట్టులో రెండో గోల్‌కీపర్. ఇరవై ఆరేళ్లవాడు. వాళ్లమ్మ రాణి తెలుగామే, అత్లోన్ పట్టణంలో నర్సు, మా చర్చికే వస్తుంది. జట్టులో నన్ను ఆంటీ అనేది అతనొక్కడే. నాలుగు సీజన్లుగా లీగ్‌లో ఒక్క నిమిషమూ ఆడలేదు. "వాడి జెర్సీకి మట్టంటితే ఒక్కసారి చూడాలనుందండీ," అని రాణి ఒక ఆదివారం నాతో అంది. నవ్వుతూనే అంది గాని, నాకు మనసు చివుక్కుమంది.

రెండో గోల్‌కీపర్ బెంచీ మీద కూర్చోవడానికే జీతం తీసుకుంటాడని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి మొదటి గోల్‌కీపర్‌కు సాధన చేయించేది అతనే. మ్యాచ్‌కు ముందు అరగంట, మిగతా రోజుల్లో గంటకు పైగా, అడిగిన చోటికి అడిగిన ఎత్తులో బంతి తన్నుతూనే ఉండాలి.

ఆగస్టులో జోయెల్ గజ్జల్లో నొప్పితో వచ్చాడు. "ఐయామ్ గ్రాండ్, ఆంటీ. కొంచెం టైట్, అంతే," అన్నాడు. ఐర్లండ్‌లో గ్రాండ్ అంటే బాగానే ఉన్నానని; అలా అన్నవాడిని ముందు పరీక్ష బల్ల మీద పడుకోబెట్టాలి. గోల్‌కీపర్లకు సాధారణంగా వేళ్లు, మణికట్లు, భుజాలు దెబ్బతింటాయి. ఇతనికి తొడల లోపలి కండరాలు రెండువైపులా ఒకేలా బిగుసుకుపోయాయి. పసుపు రంగు వేసి, మూడు వారాలు బంతి తన్నకూడదని రాశాను.

కొత్తగా వచ్చిన మేనేజర్ అప్పుడే వచ్చే సీజన్‌కు ఎవరిని ఉంచుకోవాలో తేలుస్తున్నాడు. ఈ నొప్పి తిరగబెట్టేదైతే జోయెల్ కాంట్రాక్టు పొడిగించనని, ఏ సంగతో రాతపూర్వకంగా చెప్పమని నన్ను అడిగాడు. తిరగబెట్టే అవకాశం ఉందని రాసేశాను కూడా. పంపడమే మిగిలింది.

ఆ మధ్యాహ్నం మొదటి గోల్‌కీపర్ కెవిన్ నా గదికి వచ్చాడు. ముప్పై నాలుగేళ్లవాడు, మాటలు తక్కువ. జోయెల్ ఎప్పుడొస్తాడని అడిగాడు. బదులుగా బంతులు అందిస్తున్న అసిస్టెంట్ కోచ్‌తో సాధన సాగడం లేదట. జోయెల్ అయితే ఏ కాలితోనైనా, నలభై గజాల నుంచి, చెప్పిన చోటే వేస్తాడట. "నా రెండు కాళ్లూ కలిపినా అతని ఎడమకాలికి సరిపోవు," అన్నాడు. ఆ మాటతో తన స్థానానికే ఎసరు పెట్టుకుంటున్నానని అతనికి తెలుసో లేదో.

నాకు సిగ్గేసింది. రెండువైపులా సమానంగా ఉన్న నొప్పిని చేతులతో తడిమి చూసి కూడా, కారణం బుర్రకు తట్టలేదు. శిక్షణ వీడియోలు తెప్పించి చూశాను. జట్టులో రెండు కాళ్లతోనూ అతనన్నిసార్లు బంతి తన్నేవాడు మరొకడు లేడు. రిపోర్టు చించి మళ్లీ రాశాను: కండరాల్లో లోపం లేదు, పని తగ్గిస్తే నొప్పి తిరగబెట్టదు. చివర నా పరిధి దాటి ఇంకొకటి చేర్చాను. రెండు కాళ్లతో ఇంత కచ్చితంగా బంతి వేయగల గోల్‌కీపర్‌ను ఒకసారి ఆడించి చూడమన్నాను.

మేనేజర్‌కు కోపం వచ్చింది. ఆట సంగతి తనకు వదిలెయ్యమన్నాడు. కానీ ఆయన కోరే ఆట గోల్‌కీపర్ కాలి నుంచే మొదలవ్వాలి. కెవిన్ బంతి ఆపడంలో దిట్ట, తన్నితే మాత్రం సగంసార్లు అవతలివాళ్లకే చేరేది. జోయెల్ కోలుకున్నాక ఒక గురువారం ప్రాక్టీసులో మేనేజర్ అతన్ని గోల్‌లో నిలబెట్టాడు. ముగ్గురు మీదికి పరుగెత్తుకొచ్చినా జోయెల్ తొణకలేదు. ఎడమకాలితో వాళ్ల తలల మీదుగా వేసిన బంతి దూరాన ఉన్న తనవైపు ఆటగాడి పాదాల దగ్గర వాలింది. మేనేజర్ అదే ఇంకో నాలుగుసార్లు చేయించాడు.

సెప్టెంబరు చివర ఒక శుక్రవారం జట్టు జాబితాలో మొదటి పేరు జోయెల్‌ది. నవంబరులో సీజన్ ముగిసేదాకా ఆ స్థానం అతనిదే. కాంట్రాక్టు రెండేళ్లు పొడిగించారు. ఆ మొదటి మ్యాచ్‌కు ముందు అరగంటసేపు అతనికి బంతులు తన్నిచ్చింది కెవిన్. ఎవరూ చెప్పకుండానే వెళ్లి నిలబడ్డాడు. సగం బంతులు గోల్ పక్కనుంచి పోయాయి, అయినా ఆపలేదు. నా ఉద్యోగ జీవితంలో ఇద్దరు మనుషులను ఒకేసారి అంతగా గౌరవించింది ఆ రోజే.

ఆటగాడి స్థానం చూసి గాయాన్ని అంచనా వేయబోయి, నేను ఒకరి ఉద్యోగం పోగొట్టబోయాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి రిపోర్టులో పేరు పక్కన మొదట రాసింది, అతను రోజూ నిజంగా చేసే పని. స్థానం ఆ తర్వాతే రాశాను.