కోడేరు చర్చిలో మా మామ ప్రసంగం

ఆదివారం పొద్దున ఆరింటికి గద్వాలలో వనపర్తి బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టరమ్మ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ ఇచ్చింది. కోడేరు దగ్గరి పల్లెలో మా మేనమామ దావీదు పాస్టరు. ఒకప్పుడు ముంబైలో ఇటుకలు మోసిన మనిషి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. ఇక చాలించమని సంఘపెద్దలు చెబితే, ప్రసంగానికి ఇంకొక్క ఆదివారం అడిగాడట. అది ఈ రోజే.

బీచుపల్లి వంతెన కింద కృష్ణ నిండుగా ఉంది. పక్కన కూర్చున్న వీపనగండ్ల ఊరామె నేను చెప్పిన మామ సంగతి విని, "దేవుని పని చేసేటోనికే గిట్లయితే మా అసొంటోళ్ల గతేందమ్మా?" అంది. ఆమె పెబ్బేరులో దిగిపోయింది.

ఎనిమిదింటికి వనపర్తి చేరి, బస్టాండులోనే ఇడ్లీ తిన్నాను. ఇటు వచ్చేవాళ్లు ఎనిమిదిన్నర కోడేరు బస్సు తప్పిపోనివ్వొద్దు. తర్వాతది ఎప్పుడొస్తుందో చెప్పలేం. కోడేరు నుంచి ఆటోలో పల్లె చేరాను.

రేకుల చర్చి నిండిపోయింది. మామ ఒక్కో మాట కూడదీసుకుని పలుకుతుంటే, అత్త పక్కన నిలబడి అందరికీ తిరిగి చెబుతోంది. కాసేపటికి ఆయన పెదవి పక్కన చొంగ కారింది. సంఘపెద్ద యేసేపు లేచాడు.

"చాలు అయ్యగారూ, కూసోండి. రోగులకు ప్రార్థన జేసే మీరే గిట్లుంటే ఊర్ల ఏమంటరు?"

అత్త ఏదో అనబోయింది. మామ ఎడమచేత్తో ఆపాడు. చాలాసేపు పెదవులు కదిపి అన్నాడు.

"సిలువ మీద... ఆయన చేతులు గూడ... కదల్లే."

ఈ మాట అత్త తిరిగి చెప్పలేదు. అవసరం లేకపోయింది.

వెనక నుంచి ఒక ముసలమ్మ లేచింది. "కాలు పోయిన కాణ్నుంచి నా కొడుకు సిగ్గుకు గుడికొస్తలేడు. వచ్చే ఆదివారం తోల్కొస్త. మాకు ఈ అయ్యగారే గావాలె."

యేసేపు తన తువ్వాలతో మామ మూతి తుడిచాడు. "మెల్లగనే చెప్పుండ్రి, వింటం" అని ఆయన కాళ్ల దగ్గరే నేల మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, కోడికూర తిని నాలుగింటికి తిరుగుబస్సెక్కాను. చిన్నప్పుడు మైకు లేకుండానే మామ గొంతు ఊరి చివరిదాకా వినపడితే మురిసిపోయేదాన్ని. ఈ రోజు ముందు వరసకే సరిగా వినపడని ఆ గొంతును తలచుకుంటే అంతకు పదింతల గర్వం కలిగింది. ఎక్కడికెళ్లొస్తున్నావని పక్క సీటు పెద్దాయన అడిగితే, "మా మామ ప్రసంగానికి" అని బస్సంతా వినపడేలా చెప్పాను.