ఐసు తాగే వేడి

ఐసు దుకాణం వాళ్ల కోడలిని వీధిలో అందరూ ఐసు కోడలనే పిలుస్తారు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ పిలుపుకి మూతి ముడుచుకునేది గానీ, పోనుపోను ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూడటం కూడా మర్చిపోయింది. తెల్లారగానే ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు వస్తాయి. భర్త వాటిని బండి మీంచి దించితే, ఆమె రంపపు పొట్టు చల్లి, గోనె సంచులు కప్పి, చేపల దుకాణాలకీ జ్యూసు బండ్లకీ కావలసిన ముక్కలు కోసి పెడుతుంది. ఆ పని అవగానే చేతులు తుడుచుకుని వీధి చివరి హైస్కూలుకి పరుగు. అక్కడ సైన్సు ల్యాబులో గాజు సామాను కడగడం ఆమె ఉద్యోగం.

ఉద్యోగం బాగానే ఉంది. ల్యాబు మేడం మంచిది, పిల్లలు అల్లరి చేసినా గాజు పగిలితే దాచరు. కానీ ఆమెకు మనసులో ఒక్కటే కొరత. సింకు దగ్గరికి ఏ వస్తువు వచ్చినా అంతా అయిపోయాకే వస్తుంది. ఒక గొట్టం అడుగున నీలం మరక, ఒక బీకరు గోడకి తెల్లటి పొర, ఇంకోదాంట్లో మాడిన చక్కెర నల్లగా గడ్డకట్టి. ఏం కలిపితే ఇలా అయింది, అప్పుడు పొంగిందా, బుసబుసలాడిందా, గాజు వేడెక్కిందా? చూసే భాగ్యం ఆమెకు లేదు. పెళ్లి అయిపోయి అందరూ వెళ్లాక హాలు ఊడ్చడానికి వచ్చినట్టు ఉండేది ఆమె బతుకు. అరల్లో సీసాలు ముట్టుకునే హక్కు ల్యాబు సహాయకురాలిది. ఆ పోస్టేమో ఖాళీగా ఉంది.

దానికి పెద్ద చదువు అక్కర్లేదు. పదార్థమంటే ఏమిటి, దాని గుణాలేమిటి, అది ఎలా మారుతుంది, మారేటప్పుడు వేడి ఎటు నుంచి ఎటు పోతుంది, ఇలాంటి మొదటి పాఠాల మీద ఇద్దరు పెద్దలు కూర్చుని నోటితో అడుగుతారు. జవాబు చెబితే చాలు. కిందటిసారి ఐసు కోడలు అక్కడే బోర్లా పడింది.

ఐసు కరిగేటప్పుడు వేడిని తీసుకుంటుందా, వదులుతుందా అని అడిగారు. తన ఇంటి సంగతే వచ్చిందని ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. "వదులుతుందండీ" అంది ధీమాగా. వేడా అని వాళ్లు నొక్కి అడిగితే, వేడి కాదు, చల్లదనం వదులుతుందని సర్దింది. చల్లదనమనేది విడిగా ఒక వస్తువు కాదమ్మా అని వాళ్లలో కళ్లజోడాయన ఓపికగా చెప్పబోతే, ఒక్క పూట మా దుకాణంలో దిమ్మ పక్కన నిలబడి చూడండి, మోకాళ్లు పట్టేస్తాయి, అప్పుడు చెబుదురుగాని ఉందో లేదో అని వాదన పెట్టుకుంది. ఆయన నవ్వేసి, వచ్చేసారి రమ్మన్నాడు.

వచ్చేసారంటే ఇదే ఆఖరుసారి. ఈసారి కూడా తప్పితే బయటి నుంచి మనిషిని తెచ్చుకుంటామని స్కూలు వాళ్లు తేల్చి చెప్పేశారు. ఇక జన్మంతా సింకే.

ల్యాబు మేడం రోజూ బడి వదిలాక ఆమెను కూర్చోబెట్టి పాఠాలన్నీ మొదటి నుంచి తిరగేయించింది. బరువుండి చోటు ఆక్రమించేదంతా పదార్థం. గాలి కూడా పదార్థమే. ఘనం, ద్రవం, వాయువు. రూపం మాత్రమే మారితే భౌతిక మార్పు, వస్తువే వేరొకటి అయిపోతే రసాయనిక మార్పు. అన్నీ చకచకా వచ్చేవి. ఒక్క కరగడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం బండి ఆగిపోయేది. "తీసుకుంటుంది మేడం" అని నోరు అంటుంది, చెయ్యి మాత్రం దానంతటదే బయటికి పోతున్నట్టు సైగ చేస్తుంది. నీ నోరు నా దగ్గర చదువుకుంది, నీ చెయ్యి దుకాణంలో చదువుకుందని మేడం తల పట్టుకునేది.

ఇంటికొస్తే అక్కడ ఇంకో బడి. అత్తగారికి ఏదైనా సగం తెలిస్తే నిద్ర పట్టదు. కోడలు సాయంత్రం ఏం నేర్చుకొచ్చిందో మొత్తం విని, మర్నాటికల్లా ఇల్లంతా దాని ప్రకారం సర్దేసేది. ఉప్పునీళ్లు మిశ్రమం, మరిగిస్తే ఉప్పు ఉప్పే, నీళ్లు నీళ్లే. తుప్పు పట్టిన మేకు రసాయనికం, ఇక అది మేకు కాదు. కొడుకు చొక్కా మేకుకి తగిలి చిరిగితే, బాధపడకురా భౌతికమే, కుట్టుకోవచ్చు అంది. అదే చొక్కాని ఇస్త్రీ పెట్టెతో తనే కాల్చేసిన రోజున మాత్రం ఏ మార్పో చెప్పకుండా మడతపెట్టి అడుగున దాచేసింది.

అంత ఆవిడ కూడా చల్లదనం దగ్గర ఒప్పుకోలేదు. తరతరాలుగా అమ్ముకుంటున్నది లేనే లేదంటే ఎవరికి మాత్రం రోషం రాదు?

"ఏమే అమ్మాయ్, చల్లదనం లేకపోతే మనం గోనెలు కప్పేది దేనికీ? లోపలి చల్లదనం బయటికి పారిపోకుండా కాదూ?"

"బయటి వేడి లోపలికి పోకుండానట అత్తయ్యా."

"నట ఏమిటి నట? నువ్వు నమ్ముతున్నావా లేదా?"

కోడలికి అసలు చిక్కు అదే. పుస్తకం చెబుతోంది, మేడం చెబుతోంది, తను మాత్రం పొద్దున్నే దిమ్మ మీద చెయ్యి పెట్టగానే చల్లదనం చేతిలోకి పాకుతోందనే అనుకుంటోంది. నమ్మకం లేని జవాబు గట్టిగా అడిగితే నిలబడదని ఆమెకు తెలుసు.

పరీక్ష దగ్గర పడుతుండగా మేడం ల్యాబులోని థర్మామీటరు ఇచ్చి, ఇంట్లోనే చూసుకోమని పంపింది. సెలవు రోజు మధ్యాహ్నం దుకాణం మూశాక అత్తాకోడళ్లు గ్యాస్ పొయ్యి దగ్గర చేరారు. గిన్నెలో నలగ్గొట్టిన ఐసు, కొంచెం నీళ్లు. థర్మామీటరు పెడితే సున్నా చూపించింది. పొయ్యి వెలిగించారు. కోడలు గరిటెతో కలుపుతూ ఉంది. భర్త గుమ్మంలో నిలబడి, ఐసు వండటం ఈ ఇంట్లోనే చూస్తున్నానన్నాడు. నువ్వు అవతలికి పోరా అంది తల్లి, గిన్నె మీంచి కళ్లు తిప్పకుండా.

కింద మంట మండుతూనే ఉంది. ఐసు తగ్గుతూ ఉంది. సన్నని ఎర్ర గీత మాత్రం సున్నా దగ్గర మొండికేసి కూర్చుంది. అత్తగారు థర్మామీటరు చెడిపోయిందేమోనని అనుమానపడింది. బయటికి తీసి గుప్పిట్లో పట్టుకుంటే గీత సర్రున పైకి లేచింది. మళ్లీ గిన్నెలో పెడితే మళ్లీ సున్నా. మంట పెంచింది. ఐసు ఇంకా తొందరగా తరిగిపోయింది గానీ గీత కదలలేదు. చివరి పలుకు కూడా కరిగి మాయమైంది. అప్పుడు, అప్పుడే, గీత మెల్లగా మెట్లెక్కడం మొదలుపెట్టింది.

అత్తగారు పొయ్యి కట్టేసి, గిన్నె ముందే చతికిలబడింది.

"అయితే ఇందాకటి మంటంతా ఎక్కడికి పోయినట్టు?"

"ఐసులోకే అత్తయ్యా. కరగడానికి అదే వాడేసుకుంది. కరగడం అయ్యేదాకా నీళ్లకి ఒక్క చుక్క వేడి కూడా మిగల్లేదు."

"తాగేసిందన్నమాట." అత్తగారు గిన్నెలో వేలు ముంచి చూసింది. "మన చేతిమీద పెట్టినా అంతేనా? చేతిలో వేడి తాగేస్తుందా?"

"తాగేస్తుంది. పోయింది మన వేడి. మనమేమో అది చల్లదనం ఇచ్చిందనుకుంటున్నాం."

"అచ్చం మీ ఆడపడుచులా ఉందే. వచ్చినప్పుడల్లా ఏదో తెచ్చి పెట్టినట్టే ఉంటుంది, వెళ్లాక చూసుకుంటే మన గిన్నెలే తగ్గుతాయి."

సొంత కూతురి మీద అంత మాట ఆవిడే అన్నాక కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. గుమ్మంలోంచి కొడుకు కూడా నవ్వాడు. మర్నాడు పొద్దున దిమ్మ మీద చెయ్యి పెట్టినప్పుడు ఐసు కోడలికి మొదటిసారిగా తన చేతిలోంచి ఏదో అటు జారిపోతున్నట్టు తోచింది. చెయ్యి తీసి చూసుకుంది. మళ్లీ పెట్టింది. భర్త బండి దగ్గర్నుంచి కేకేసేదాకా అదే పని.

పరీక్ష గదిలో బల్ల వెనక కిందటిసారి అడిగిన ఇద్దరే ఉన్నారు. కళ్లజోడాయన ఆమెను చూడగానే గుర్తుపట్టి, మోకాళ్లు ఎలా ఉన్నాయని పలకరించాడు. ఆమె సిగ్గుపడి, బాగున్నాయంది. పక్కనున్నావిడ పని మొదలుపెట్టింది. పదార్థం, గాలి, పాలు విరగడం, కొవ్వొత్తి. కొవ్వొత్తి ఏ మార్పని అడిగితే, మైనం కరగడం ఒకటి, కాలడం ఇంకొకటి, రెండూ ఉన్నాయండీ అని విడదీసి చెప్పింది. తర్వాత కళ్లజోడాయన ముందుకి వంగాడు. ఐసు కరిగేటప్పుడు?

"తీసుకుంటుందండీ." ఈసారి చెయ్యి కూడా లోపలికే చూపించింది.

ఆయన అక్కడితో వదిలితే బాగుండేది. "సరే, మరి నీళ్లు గడ్డకట్టేటప్పుడో?"

ఆ వైపు ఐసు కోడలు ఎప్పుడూ ఆలోచించలేదు. దుకాణంలో ఐసు కరగడమే తప్ప గడ్డకట్టడం ఉండదు. గడ్డకట్టేటప్పుడు చల్లదనం లోపలికి పోతుంది, అని పాత మాట నాలుక చివరికి వచ్చేసింది. పళ్లతో ఆపింది. చల్లదనం అనొద్దు. వేడి మాటే ఆలోచించు. కరిగేటప్పుడు తాగింది కదా, మళ్లీ గట్టిపడాలంటే ఆ తాగినదాన్ని ఏం చెయ్యాలి? పక్కనున్నావిడ కలం తీసుకుంది.

అప్పుడు ఫ్యాక్టరీ వెనక సందు గుర్తొచ్చింది. భర్తకి జ్వరం వచ్చినప్పుడు దిమ్మలు తేవడానికి తనే వెళ్లిన రోజు. లోపల ఒళ్లు కొంకర్లు పోయే చలి, వెనక సందులో యంత్రం పెట్టె నుంచి మొహం మాడ్చే వేడిగాలి. పనివాళ్లు తడిసిన చేతితొడుగుల్ని ఆ గాలికి ఆరేసుకుంటున్నారు. ఐసు చేసేచోట ఇంత వేడేమిటని ఆ రోజు అడిగితే, యంత్రం కదమ్మా వేడెక్కుతుంది అన్నారు.

"వదులుతుందండీ" అంది. "నీళ్లు వేడిని వదిలితేనే ఐసవుతాయి. ఐసు ఫ్యాక్టరీలో ఆ వేడిని యంత్రం లాగి వెనక్కి నెట్టేస్తుంది. యంత్రం సొంత వేడి కూడా కొంత ఉంటుంది. కానీ వెనక సందులో వచ్చే గాలిలో నీళ్లు వదిలిన వేడి కూడా ఉండాలి."

"ఉండాలా, ఉందా?"

"ఉందండీ. నేను నిలబడ్డాను అక్కడ."

కళ్లజోడాయన పక్కావిడ వైపు చూశాడు. ఆవిడ కలంతో ఏదో రాసి, ఇక మీరు వెళ్లొచ్చంది.

బయట గేటు దగ్గర అత్తగారు దుకాణం కొడుక్కి అప్పజెప్పి వచ్చి కాపలా కాస్తోంది. పాసయ్యావా అని అడగలేదు. ఏమేం అడిగారో వరసగా చెప్పమంది. చెబుతూ గడ్డకట్టే సంగతి దగ్గరికి రాగానే ఆవిడ నడక ఆపేసింది. వెనక సందు తను కూడా చూడాలని, రేపు దిమ్మలు తెచ్చే బండి మీద తనే వెళ్తానని అక్కడికక్కడే తీర్మానించేసింది.

ఆ వారాంతంలోనే కబురొచ్చింది. పోస్టు ఆమెదే. మేడం అరల తాళాలు చేతికిచ్చి, సోమవారం నుంచి ప్రయోగాలు నువ్వే సిద్ధం చెయ్యాలి, ఇంకేమైనా కావాలా అని అడిగింది. ఐసు కోడలు తలెత్తి, ఇన్నాళ్లూ దూరం నుంచి చూసిన సీసాల్ని ఒక్కొక్క వరసే చూసుకుంటూ పైదాకా వెళ్లింది.

"ఒక స్టూలు ఇప్పించండి మేడం. పై అర అందదు."