పేటర్సన్ పట్టు మిల్లులో పద్నాలుగు అంగుళాల దూలం

మాకు తెలిసినవాళ్ల అమ్మాయి మొన్న ఫోన్ చేసి, "అంకుల్, వీకెండ్‌కి పేటర్సన్ వెళ్తున్నాం, వాటర్‌ఫాల్స్ కాక ఇంకేం చూడాలి?" అని అడిగింది. నేను చెప్పడం మొదలుపెడితే గంట పట్టింది. పాపం ఆ పిల్ల మధ్యలో రెండుసార్లు "ఓకే అంకుల్" అని తప్పించుకోబోయింది కానీ నేను వదల్లేదు. అయినా ఆమెకు చెప్పింది సగమే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే నేను ఆ ఊరికి మొదటిసారి వెళ్లింది జలపాతం కోసం కాదు. అక్కడి ఒక పాత పట్టు మిల్లు ఇక నిలబడటానికి పనికిరాదని నేను రిపోర్టు రాశాను. సోమవారం దాని మీద నా సీలు పడాలి. అంతకుముందు శనివారం, 1982 ఏప్రిల్‌లో, భయమేసి చూడటానికి వెళ్లాను.

అప్పుడు మేం ఎడిసన్‌లో రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. ఇవాళ మన దుకాణాలతో కిక్కిరిసిన ఓక్ ట్రీ రోడ్డులో కారు ఆపుకోవడానికి చోటు దొరకదు గానీ, ఆ రోజుల్లో మంచి కందిపప్పు కావాలంటే న్యూయార్క్ దాకా వెళ్లేవాళ్లం. నేను ఒక చిన్న ఇంజనీరింగ్ ఆఫీసులో స్ట్రక్చరల్ ఇంజనీరుని. ఆ చలికాలమే లైసెన్సు వచ్చింది. దానితోపాటు నా పేరు చెక్కిన సీలు చేయించుకున్నాను. కాగితం పెట్టి నొక్కితే అక్షరాలు ఉబ్బెత్తుగా పడతాయి. పాత ఉత్తరాల మీద నొక్కి చూసుకుని మురిసిపోయేవాణ్ని. ఆ సీలుతో వెళ్లాల్సిన మొదటి రిపోర్టు ఈ మిల్లుది. నాలుగంతస్తుల ఇటుక కట్టడం, లోపల అంతా చెక్క దూలాలు, చెక్క నేల. యజమానికి తెలియాల్సింది ఒక్కటే, ఆ అంతస్తులు మళ్లీ వాడుకోవచ్చా లేదా అని. పనికిరావంటే కూల్చేసి స్థలం అమ్ముకుంటాడు. జలపాతం చుట్టూ ఉన్న ఆ పేటంతా రక్షిత చారిత్రక ప్రాంతం, బుద్ధి పుట్టినప్పుడు గోడ పడగొడతామంటే ఊళ్లోవాళ్లు ఊరుకోరు. కానీ లైసెన్సున్న ఇంజనీరు ప్రమాదమని రాసిస్తే అడ్డు చెప్పడం కష్టం.

మా ఆఫీసులో నాతో పనిచేసే ఒకాయన వెళ్లి కొలతలు రాసుకొచ్చాడు. నేను బల్ల ముందు కూర్చుని లెక్క కట్టాను. దూలాలు మోయాల్సిన బరువుకు వందకు ఎనిమిది పాళ్లు తక్కువ తేలాయి. మూడుసార్లు కట్టాను, మూడుసార్లూ అంతే. రిపోర్టు టైపు చేయించి బల్ల సొరుగులో పెట్టి ఇంటికొచ్చాను కానీ మనసు అక్కడే ఉండిపోయింది.

శనివారం పొద్దున కాఫీ తాగుతూ ఈ సంగతి మా ఆవిడ వసుంధర చెవిన వేశాను. తను ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసేది. అంతా విని, ఆ మిల్లు ఎలా ఉంటుందని అడిగింది. నాకు తెలియదన్నాను.

"చూడకుండానే పడగొట్టమని రాశారా?"

"పడగొట్టమని రాయలేదు. దూలాలు లోడ్‌కి సరిపోవని రాశాను."

"ఏదైనా ఒకటే కదండీ. మా ల్యాబ్‌లో శాంపిల్ చూడకుండా రిపోర్ట్ సైన్ చేస్తే నా జాబ్ పోతుంది."

నాకు చర్రుమని కోపం వచ్చింది. తను అన్నది నిజం కాబట్టే వచ్చింది. ఇంజనీరింగ్ అంటే రక్తపరీక్ష కాదని ఏదో గొణిగాను. తను అప్పటికే పులిహోరకు బియ్యం కడుగుతోంది. వాటర్‌ఫాల్స్ చూసినట్టు ఉంటుంది, మీ మిల్లూ చూసినట్టు ఉంటుంది, తొమ్మిదికి బయల్దేరదాం అంది.

ఎడిసన్ నుంచి పేటర్సన్ గంట లోపే. గార్డెన్ స్టేట్ పార్క్‌వే ఎక్కి ఉత్తరానికి పోతూనే ఉండటం, ప్రతి టోల్ దగ్గరా పావలా డాలర్ నాణెం బుట్టలోకి విసరడం. నా పక్క కిటికీ సరిగా దిగేది కాదు, రెండు నాణేలు నేలపాలయ్యాయి, వెనక కార్లవాళ్లు హారన్లు మోగించారు. పేటర్సన్ అన్న బోర్డు చూసి దిగి, జలపాతం ఎటని పెట్రోల్ బంకులో అడిగితే, ట్యాంకు నింపుతున్న ముసలాయన చెయ్యి చూపించి, కారు అద్దాలు దించుకుని పొండి, చప్పుడే దారి చూపిస్తుంది అన్నాడు. దించగలిగిన అద్దాలు దించాం. నాలుగు వీధులు తిరిగేసరికి నిజంగానే వినిపించింది.

వసంతంలో మంచు కరిగిన నీళ్లు కదా, పసైక్ నది నల్లటి బండల మధ్య ఇరుకు సందులోకి విరుచుకుపడుతోంది. ఎదురు ఒడ్డున నిలబడ్డ మా మొహాలు తడిసిపోయాయి. వసుంధర కొంగు తలమీద కప్పుకుని, ఊరి మధ్యలో ఇంత నీళ్లా అని ఆశ్చర్యపోయింది. ఆ నీటిని కాలువల్లోకి మళ్లించి, మెట్లుమెట్లుగా దించి, ప్రతి మెట్టు దగ్గరా చక్రాలు తిప్పి ఆ ఊరు కట్టుకున్నారు. మొదట నూలు, తర్వాత రైలింజన్లు, ఆ తర్వాత పట్టు. ఇంగ్లండ్‌లోని పట్టు నేసే ఊళ్ల నుంచి పనివాళ్లు కుటుంబాలతో సహా ఓడెక్కి వచ్చి ఇక్కడ దిగారు. అందుకే ఆ వీధులు చూస్తే ఇంగ్లండ్‌లోని పాత మిల్లు పేటల ఫోటోలు గుర్తొస్తాయి. అదే ఎర్ర ఇటుక, అవే వంపు తిరిగిన కిటికీలు, గుమ్మాల ముందు అరిగిపోయిన రాతి మెట్లు. మేం వెళ్లేనాటికి సగం కిటికీలకు అద్దాలు లేవు. కొన్నిటికి మరమ్మతులు మొదలయ్యాయి, మిగతావి పావురాలకు వదిలేశారు. నడవటానికి ఒక గంట చాలు, మంచి బూట్లు వేసుకుంటే.

నా మిల్లు కాలువకు రెండో పక్కన ఉంది. నా మిల్లు అనడం మొదలుపెట్టానని అప్పుడు గమనించలేదు. గేటు దగ్గర సాల్ అనే కాపలాదారు కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. డెబ్బై దాటిన ఇటాలియన్ మనిషి. కుర్రప్పటి నుంచి అదే మిల్లులో మగ్గాలు బాగుచేసేవాడట. మిల్లు మూతపడ్డాక తాళాలు అతని దగ్గరే ఉండిపోయాయి. లోపలికి ఎవరినీ పంపనన్నాడు. నా ఆఫీసు కార్డు ఇచ్చాను. కళ్లజోడు సర్దుకుని చదివి, నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇది పడిపోతుందని రాసేది మీరేనా?"

వసుంధర పక్కనుంచి, అందుకే చూసుకోవడానికి వచ్చారు అని ఇంగ్లీషులో చెప్పింది. సాల్ లేచి తాళం తీశాడు. పైన మగ్గాలన్నీ ఒకేసారి ఆడుతుంటే కింద కాఫీ కప్పు కొంచెం వణికేది, అంతకుమించి ఏమీ అయ్యేది కాదన్నాడు. ఇలాంటి మాటలు ప్రతి పాత కట్టడం దగ్గరా వింటాం, వాటితో లెక్క మారదు. తలూపి మెట్లెక్కాను.

మూడో అంతస్తులో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకటే హాలు. మగ్గాలు ఎప్పుడో అమ్మేశారు. అవి ఉన్నచోట్ల నేల మీద నూనె మరకలు వరసగా మిగిలాయి. గాలిలో ఇంకా నూనె వాసన ఉంది. తలెత్తి చూస్తే దూలాలు. నేను కాకినాడలో చదువుకున్నాను. మాకు చెక్క అంటే తలుపులు, కిటికీలు, మహా అయితే పెంకుటిల్లు. లెక్క కట్టడం నేర్చుకున్నదంతా కాంక్రీటు. అంత లావాటి చెక్క దూలం నేను అంతకుముందు దగ్గర నుంచి చూడలేదు. పుచ్చు ఎక్కడుందో వెతికాను. పైకప్పు కారిన ఒక మూల రెండు దూలాల చివరలు మెత్తబడ్డాయి. మిగతావాటిని మేకుతో పొడిస్తే మేకు వంగింది.

సాల్ నిచ్చెన తెచ్చాడు. అక్కడిదాకా వచ్చాను కదా అని ఒక దూలం కొలిచాను. మా ఆఫీసాయన రాసుకొచ్చిన కొలత పన్నెండు అంగుళాల వెడల్పు, పద్నాలుగు అంగుళాల ఎత్తు. నా టేపు మీద పన్నెండు వచ్చింది. సరిగా పెట్టలేదేమో అనుకుని మళ్లీ పెట్టాను. పన్నెండే. ఎత్తు కొలిచాను. పద్నాలుగు. టేపు మూడోసారి పెట్టాను. వసుంధర కిందనుంచి ఏమైందండీ అని అడుగుతోంది.

ఏమైందో చెప్పాలంటే నా పరువు పోయిన ఒక పాత సంగతి చెప్పాలి. అమెరికా వచ్చిన కొత్తలో, ఇక్కడ చెక్క దుకాణంలో "టూ బై ఫోర్" అని అమ్మే ముక్క నిజంగా రెండంగుళాలు, నాలుగంగుళాలు ఉంటుందని నమ్మాను. అది పేరు మాత్రమే, మిషన్ మీద చిత్రిక పట్టాక అర అంగుళం చొప్పున తగ్గుతుందని ఇక్కడ పుట్టిన ప్రతి వడ్రంగికీ తెలుసు. నా డ్రాయింగ్ ప్రకారం కట్టిన గోడలు ఒకదానికొకటి కలవలేదు. ఆ సైటు మేస్త్రీ నాకు "ఫుల్ ఇంచ్" అని పేరు పెట్టాడు. పని అయ్యేదాకా అందరూ అలాగే పిలిచారు. నవ్వుతూ పలికేవాణ్ని కానీ, తల కొట్టేసినట్టుండేది. అప్పటినుంచి చెక్క కొలత ఏది కనిపించినా ముందు అర అంగుళం కోసేయడం అలవాటైంది. ఈ దూలాలకూ అదే చేశాను. వందేళ్లు దాటిన ఆ దూలాలు కోసిననాటి కాలానికి ఈ లెక్క లేదు, పన్నెండంటే పన్నెండే. పైగా మా ఆఫీసాయన రాసింది పేరు కాదు, టేపు పెట్టి కొలిచిన కొలత. ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాడు. మళ్లీ తెలివితక్కువ ప్రశ్న అడిగానని నవ్వుతారేమోనని అడగలేదు. ఒక మిల్లు నేలమట్టం కావడానికి నా సిగ్గు సరిపోయేది.

కిందికి దిగి నేల మీద చతికిలబడి, పులిహోర తెచ్చిన కాగితం సంచీ వెనకవైపు మీద మళ్లీ లెక్క కట్టాను. దూలం ఎత్తు పెరిగితే బలం అంతకు మించి పెరుగుతుంది, అందుకే అర అంగుళం కూడా చాలా తేడా తెస్తుంది. ఎనిమిది తక్కువ పోయి మూడు ఎక్కువ వచ్చింది. వసుంధర చేత కూడికలు సరిచూయించాను. తను తలెత్తి, "సరిపోయిందండీ," అంది. ప్రాణం లేచివచ్చింది. ఎంత తేలికపడ్డానంటే, సాల్ చేతులు రెండూ పట్టుకుని ఊపేశాను. అతను ముందు జడిసి, సంగతి తెలిశాక, మగ్గాల సంగతి ముందే చెప్పానుగా అన్నట్టు ఒక చూపు చూశాడు.

ముగ్గురం కాలువ గట్టు మీద కూర్చుని పులిహోర తిన్నాం. సాల్ పోపులోని ఎండుమిరపకాయ కూడా నమిలేసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, అయినా రెండోసారి వడ్డించుకున్నాడు. మధ్యాహ్నం అతను చెప్పిన దారినే దక్షిణ పేటర్సన్ వెళ్లాం. అక్కడ సిరియా నుంచి వచ్చినవాళ్ల రొట్టెల దుకాణాలున్నాయి. శాకాహారులమని చెబితే దుకాణం ఆవిడ ఏ కౌంటరులో ఏది తీసుకోవాలో చూపించి, నువ్వులు, ఎండబెట్టిన ఆకులు చల్లిన వేడి రొట్టె చేతిలో పెట్టింది. డాలరు లోపే. కారు బానెట్ మీద పెట్టుకుని తినేశాం. చీకటి పడకముందే ఎడిసన్ చేరాం.

తేలికపడటం ఒక పూట ముచ్చటే అయింది. ఆదివారమంతా, సోమవారం దీన్ని ఎలా చెప్పాలా అని తల పట్టుకున్నాను. లెక్క మార్చి, కారణం చెప్పకుండా కొత్త రిపోర్టు పెట్టేద్దామా అనిపించింది కూడా. వసుంధరతో ఆ మాట అనే ధైర్యం నాకు లేకపోయింది. సోమవారం పొద్దున్నే మా బాస్ గదిలోకి వెళ్లి, టూ బై ఫోర్ దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పేశాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి విన్నాడు.

"సీలు వేశారా?"

"లేదు."

"అయితే ఇంకా ఏమీ జరగలేదు. వెళ్లి సరిగా రాసుకురండి."

అంతే. ఎవరూ నవ్వలేదు. కొలతలు తెచ్చినాయన మాత్రం, ఈసారి నా దగ్గరికొచ్చి అడగవయ్యా అని భుజం తట్టాడు. దూలాలు సరిపోతాయని, మూలనున్న రెండు మార్చాలని, పైకప్పు వెంటనే బాగుచేయాలని రాసి, సీలు గట్టిగా నొక్కాను. యజమాని కొంత గునిశాడు గానీ, కొన్నేళ్లు ఖాళీగా ఉంచి చివరికి అపార్ట్‌మెంట్లు చేసేవాళ్లకు అమ్మాడు.

మీరు వెళ్లేట్టయితే ఒక్కటే సలహా, మార్చి చివర నుంచి ఏప్రిల్ ఆఖరు లోపు, వాన పడిన మర్నాడు పొద్దున్నే వెళ్లండి, వేసవి ముదిరితే జలపాతం సన్నబడిపోతుంది. మేం ఇప్పటికీ ఎవరైనా చుట్టాలు వస్తే తీసుకెళ్తాం. ఆ మిల్లు కిటికీల్లో ఇప్పుడు పూలకుండీలుంటాయి, మూడో అంతస్తులో ఎవరో పిల్లలు పరుగెత్తుతుంటారు. వసుంధర ప్రతిసారీ వేలు చూపించి, ఈ బిల్డింగ్‌ని మా ఆయనే కాపాడారని వచ్చినవాళ్లకు చెబుతుంది. వాళ్లు నన్ను మెచ్చుకోలుగా చూస్తారు. కాపాడిన మాట నిజమే, కానీ దానికి ఆపద వచ్చింది నా వల్లనే.