రవణత్త సొరుగులు

ముసురు పట్టిన ఈ వారంలో ఒకరోజు పొద్దున్న మా వంటగదిలో సొరుగు లాగాను. అది బరబరా రాసుకుంటూ వచ్చి, సగంలో ఆగి, అడుగు ఊడి, గరిటెలన్నీ నేల మీద పోసేసింది. వంగి చూస్తే అడుగు బల్ల మధ్యలో పొట్ట దిగి, గాడిలోంచి జారిపోయి ఉంది. చేతిలోకి తీసుకుంటే తడిసిన అట్టముక్క వాసన. అందులో చెక్కన్నది ఎక్కడా లేదు. అమ్మినవాడికి ఫోన్ చేస్తే, “దాన్ని పారెయ్యండి మేడం, కొత్తది పంపిస్తాం” అన్నాడు. ఆ అట్టముక్క వాసన ముక్కులో ఉండగానే మరో వాసన గుర్తొచ్చింది. టేకు పొట్టు, ఉడుకుతున్న తోలు జిగురు, కొవ్వొత్తి మైనం కలిసిన వాసన. చాలాసేపు ఆ గరిటెల మధ్యే నేల మీద కూర్చుండిపోయాను. అది మా మేనత్త రవణమ్మ చీరకొంగు వాసన. ఆవిడ ఎవరో ఈ ఊళ్ళో ఇప్పుడు ఎవరికీ తెలియదు. అందుకే రాస్తున్నాను.

మాది ఎలమంచిలి వైపు ఇనాం భూములున్న ఒక ముఖాసా కుటుంబం. ఊరి పేరు రాయను. భూములు వ్యాజ్యాల్లో పోయాయి, ఇల్లు వాటాల్లో పోయింది. డెబ్బైల మొదట్లో మా నాన్నగారు, వయసులోనే భర్త పోయి పుట్టింటికి చేరిన ఆయన చెల్లెలు రవణత్త, తల్లి లేని నేను, మా వాటాకు వచ్చిన కుర్చీలూ రాతబల్లా కలిసి ఒకే లారీలో విశాఖపట్నం వచ్చాం. వన్‌టౌనులో హార్బరుకి దగ్గరగా ఒక ఇంట్లో వెనక భాగం అద్దెకు తీసుకున్నాం. హార్బరు నుంచి లేచే ఇనుప ఖనిజం ధూళి రోజూ మా వసారాను ఎర్రగా చేసేది. నాన్నగారు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, ఉత్తరీయం వేసుకుని, ఆ వసారాలో వీపు ఆనించకుండా కుర్చీలో కూర్చునేవారు. సాయంత్రానికి ఉత్తరీయం కూడా ఎర్రబడేది. ఆయన మాత్రం దులుపుకునేవారు కాదు. దులుపుకుంటే ధూళి పడిందని ఒప్పుకున్నట్టవుతుంది.

ఆయనకి ఒక మాట అలవాటు. “మావాళ్ళు చూస్తారు.” దివాణంలో, అంటే ఊళ్ళోని మా పాత ఇంట్లో, ఉన్నప్పుడు గోడ పడినా, ఆవు తప్పిపోయినా అదే మాట. అప్పుడు నిజంగానే చూసేవాళ్ళు ఉండేవారు. పట్నం వచ్చాక మావాళ్ళు అంటే రవణత్త ఒక్కతే. గొళ్ళెం ఊడినా, నూతి గిలక బిగుసుకున్నా నాన్నగారు ఇంటివాడితో “మావాళ్ళు చూస్తారు” అనేవారు. లోపల అత్త కొంగు బిగించేది.

పని ఆవిడకి ఎక్కడ వచ్చిందంటే, దివాణం పెరట్లో. భర్త పోయిన పిల్ల వీధి వసారాలోకి రాకూడదు. పెరట్లో కూర్చోవచ్చు. ఆ పెరట్లో మా ఆస్థాన వడ్రంగి ఏళ్ళ తరబడి పని చేశాడు. చూడడానికి ఆవిడకి ఇంకేమీ లేదు. పట్నంలో మొదటిసారి మా రాతబల్ల సొరుగు కోర్టు కాగితాల బరువుకి అడుగు జారి నాన్నగారి ఒళ్ళో పడింది. ఆయన “మావాళ్ళు చూస్తారు” అని లేచి వెళ్ళిపోయారు. అత్త వెనక మేకులు పీకి, అడుగు బల్లని గాడిలోంచి మెల్లగా లాగింది. పొట్ట దిగిన వైపు పైకి వచ్చేలా తిరగేసి మళ్ళీ గాడిలోకి తోసింది. కింద మధ్యలో అడ్డంగా ఒక బద్ద వేసి, బద్దకి నడిమిన ఒకే ఒక ఇత్తడి మరమేకు బిగించింది.

“చివర్లు వదిలేశావేం?” అన్నాను.

“చివర్లూ బిగిస్తే వానాకాలం చెక్క ఉబ్బి ఎటు పోతుందే? పక్క బల్లల్ని చీలుస్తుంది. పొట్ట దిగినదాన్ని తిరగేస్తే బరువు పడేకొద్దీ అదే సమానమవుతుంది” అంది. ఆపైన వీధి వసారా వైపు చూసి గొంతు తగ్గించి, “మనుషుల్నే తిరగెయ్యలేం” అంది.

పోర్టులో ఉద్యోగాలకి కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి సంసారాలు దిగుతున్న కాలం అది. లారీల్లో వచ్చిన బల్లలూ, బీరువాలూ సగం విరిగి వచ్చేవి. మిగతా సగం మా ఊరి సముద్రపు గాలికి బిగుసుకునేవి. తోపుడు బండి అప్పన్న ఒకరి ఇంటి నుంచి సొరుగుల బల్ల ఒకటి మా వసారాలో దించి, “బాబుగోరూ, ఈ సొరుగులు ఏటైపోనాయో సూడండి. మీకాడ బాగు సేత్తారని పక్కీదోలు సెప్పినారు” అన్నాడు. పక్క వీధివాళ్ళకి ఎలా తెలిసిందో నాన్నగారు అడగలేదు. “మావాళ్ళతో చేయిస్తాను. వదిలి వెళ్ళు” అన్నారు. అలా మొదలైంది. మా ఇల్లు ఆ పని మీదే నడిచింది. నాకు షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చాక కూడా ఆ పని ఆగలేదు.

దాపరికం అత్తకీ ఇష్టమేనని చెప్పకపోతే అబద్ధమవుతుంది. వచ్చినవాళ్ళు “మేస్త్రి ఏడి?” అని అడిగితే తలుపు వెనక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. దివాణం ఆడది రంపం పట్టిందని ఊరంతా చెప్పుకోవడం ఆవిడకీ చిన్నతనమే. పైగా మాది మాంసం వాసన తెలియని ఇల్లు. తోలు జిగురు పెరటి గోడ అవతలే ఉడకాలని నాన్నగారి ఆజ్ఞ. జిగురు ముట్టుకున్న ప్రతిసారీ ఆవిడ నూతి దగ్గర తలస్నానం చేసి గాని వంటింట్లోకి వచ్చేది కాదు. చలికాలంలో దగ్గుతూ వచ్చి అన్నగారికి పప్పు వడ్డించేది.

“ఉప్పు తక్కువైంది, రవణా” అనేవారాయన.

“మీ మేస్త్రికి చెప్పన్నయ్యా. సొరుగులో పోసి బిగించేశాడేమో” అనేది. ఆయన నవ్వేవారు కాదు.

ఒక ఆదివారం నేను ఆఫీసు ఉత్తరం ఒకటి ఇంటికి తెచ్చుకుని సరిచూసుకుంటున్నాను. అత్త కొవ్వొత్తి ముక్కతో ఒక సొరుగు అంచులు రుద్దుతూ తొంగి చూసింది. అడుగున ఎడమ పక్కన ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టి, “ఇదేమిటే?” అంది.

“మేనేజరు పేరులో పొడి అక్షరాలు, ఆ పక్కన నావి. ఎవరు చెప్పారో, ఎవరు టైపు చేశారో తెలియడానికి.”

“ప్రతి ఉత్తరం కిందా వేస్తారా?”

“ప్రతిదాని కిందా.”

“చదివేవాళ్ళు చూస్తారా?”

“ఎవరూ చూడరు, అత్తా.”

“చూడకపోతే మానె. ఉన్నాయి కదా” అంది. వేలు మాత్రం అక్కణ్ణుంచి తియ్యలేదు. అప్పటిదాకా ఆ ఉద్యోగం నాకు మా వంశానికి తగని పని. దాన్ని గౌరవంగా చూడడం నాకు నేర్పింది ఆవిడ వేలు ఆగిన ఆ చోటు.

ఎనభైలలో ఉక్కు కర్మాగారం కట్టడం జోరు అందుకున్నాక ఊరు గాజువాక వైపు పెరిగింది. ఆ వైపు ఒంటరి ఆడవాళ్ళకి పని నేర్పే కేంద్రం ఒకటి పెట్టారు. దాన్ని నడిపే సుశీలగారు కృష్ణా జిల్లా మనిషి. నిదానంగా, ప్రతి మాటా పూర్తిగా పలికే మనిషి. ఆవిడ పాత మందుల బీరువా ఒకటి, నిండా చిన్న సొరుగులున్నది, అప్పన్న బండి మీద మా ఇంటికి పంపారు. అత్త దాని మీద పడి పని చేసింది. ప్రతి అడుగూ తిరగేసింది, అరిగిన అంచులకి సన్న బద్దలు అతికింది. ఒక వేలితో తోస్తే సొరుగు లోపలికి వెళ్ళి గాలి చప్పుడుతో ఆగేది.

బీరువా తీసుకెళ్ళిన కొద్దిరోజులకే సుశీలగారే స్వయంగా వచ్చారు. నేను ఆఫీసు నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తున్నాను. ఆవిడ నాన్నగారి ఎదురుగా కూర్చుని, “ఈ పని చేసినవారు మాకు కావాలండీ” అన్నారు. “మా కేంద్రంలో చెక్కపని నేర్పడానికి. జీతం ఉంది, ఉండడానికి గది ఉంది.”

నాన్నగారు “మావాళ్ళు ఇల్లు కదలరమ్మా” అన్నారు.

“పూర్తిగా వినండి. నేర్చుకునేవాళ్ళంతా ఆడపిల్లలు. నేర్పేవారు కూడా ఆడమనిషి అయితే నాకు అంతకన్నా కావలసింది లేదండీ. వయసు మళ్ళినా పరవాలేదు. చదువు లేకపోయినా పరవాలేదు. ఎవరైనా సరే, మీరు పేరు చెప్పండి. నేనే వచ్చి గౌరవంగా తీసుకెళ్తాను.”

లోపల చిత్రిక చప్పుడు ఆగిపోయింది. తలుపు సందులో తెల్లచీర అంచు కనిపించింది. అంచు కదిలి ఒక అడుగు బయటికి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ అలా రాలేదు. ఆవిడ పిలుపు కోసం నిలబడిందని నాకు అర్థమైంది. నాన్నగారికీ అర్థమైంది. ఆయన చూపు ఒకసారి అటు వెళ్ళి వచ్చింది.

“మావాడు పోయాడమ్మా” అన్నారు. “మొన్ననే. జ్వరం వచ్చి పోయాడు.”

సుశీలగారు చాలాసేపు ఆయన ముఖంలోకి చూశారు. లేచి, “అయ్యో” అని వెళ్ళిపోయారు.

పెరట్లో నూతి గిలక చప్పుడైంది. వెళ్ళి చూస్తే అత్త చీరతోనే నెత్తిన నీళ్ళు కుమ్మరించుకుంటోంది. చేద తర్వాత చేద. నాన్నగారు గుమ్మంలో నిలబడి, “ఏమిటే ఇది?” అన్నారు.

“చావు కబురు విన్నాను కదా. స్నానం చెయ్యొద్దా?”

“పనివాడు పోతే మనకి మైలేమిటే?”

“ఏటన్నావన్నయ్యా?” కోపం వస్తే ఆవిడ మాటలోంచి దివాణం పోయి ఎలమంచిలి వచ్చేది. “పనోడా? మావాడన్నావు. నా సెవులతో విన్నాను. మావాడంటే మన రక్తమే. మనకింకెవరున్నారు? మైల పట్టవలసిందే.”

పట్టింది. మైల రోజులన్నీ దేవుడి గదికి గొళ్ళెం వేసి ఉంచింది. వంటింటి గడప తొక్కలేదు. ఆచారం పేరు చెప్పి చెల్లెల్ని జీవితమంతా పెరట్లో కూర్చోబెట్టినవారు ఇప్పుడు ఆచారానికి ఎదురు చెప్పలేకపోయారు. నేను వండినది ముగ్గురం మూడు మూలల్లో కూర్చుని తిన్నాం. ఒక సాయంత్రం, “అత్తా, గాజువాక వెళ్ళి సుశీలగారికి నేను చెప్తాను” అన్నాను.

“వద్దు.”

“ఇందులో నీకు తక్కువేమిటి?”

“నువ్వు చెప్తే నువ్వు దయ తలచినట్టు. చంపినవాడే బతికించాలి” అంది.

మైల తీరిన రోజు తలంటుకుని, వంట చేసి, అన్నగారికి వడ్డించింది. ఆయన తిని లేచారు. చెయ్యి కడుక్కున్నారు. ఆవిడ చెంబు పట్టుకుని నిలబడే ఉంది. ఆయన తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని వసారాలోకి వెళ్ళి కూర్చున్నారు. ఒక్క మాట. “రవణ చేసింది” అంటే చాలు. ఆ తర్వాత ఇద్దరూ ఎన్నో ఏళ్ళు బతికారు. అనలేదు.

ఆవిడ మళ్ళీ ఉలి పట్టలేదు. అప్పన్న సొరుగులు తెస్తే తలుపు వెనక నుంచి, “చేసేవాడు చచ్చిపోయాడు, అప్పన్నా. పట్టుకెళ్ళు” అనేది. రాబడి పోయింది. నా జీతంతోనే ఇల్లు గడిచింది. నా పెళ్ళి మాట ఇంట్లో ఇంకెవరూ ఎత్తలేదు. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ ఒకే కప్పు కింద నిటారుగా నడుస్తూ, ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ ముసలివాళ్ళయ్యారు. ఆవిడే ముందు పోయింది, దగ్గుతోనే.

దహనం అయి వచ్చాక నాన్నగారు తడిపంచెతో నూతి దగ్గర నిలబడ్డారు. పాడె మోసిన అప్పన్న కూడా అక్కడే ఉన్నాడు. నాన్నగారు ఎవరి వైపూ చూడకుండా, గొంతు సవరించుకుని, “ఆ సొరుగుల పని… మా చెల్లెలే చేసేది” అన్నారు.

అప్పన్న తల ఎత్తాడు. “అది మాకు తెల్దేటి బాబూ? ఈదంతా తెలుసు. సీర నిండా పొట్టేసుకుని నూతికాడ కనపడతంటే తెల్దా? సుశీలమ్మగోరికి సెప్పింది నానే. బాబుగోరి సెల్లెలుగోరే సేత్తారమ్మా అని సెప్పినాను. అందికే ఆయమ్మ మీ కాడికి ఒచ్చినారు. ఆ పేరు మీ నోట ఇందారని ఒచ్చినారు.”

నాన్నగారి పంచె అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. నడుము మాత్రం వంగలేదు.

వంశం నుంచి నాకు వచ్చిన ఆస్తి ఆ నడుమే. చూసినవాళ్ళు మెచ్చుకుంటారు, ఈ వయసులోనూ ఎంత నిటారుగా ఉన్నారో అంటారు. దానికి ఎంత ఖర్చయిందో నాకు తెలుసు కాబట్టి మెచ్చుకోలు నాకు రుచించదు. అత్త నుంచి వచ్చింది వేరే ఉంది. నా ఇంట్లో ఏ పని చూసి ఎవరు “ఇది ఎవరు చేశారు?” అని అడిగినా, వాళ్ళ మాట పూర్తికాకముందే చేసినవాళ్ళ పేరు చెప్పేస్తాను, ఇంటిపేరుతో సహా. అది నా మంచితనం అనుకుంటారు. కాదు. ఆ ప్రశ్న వినగానే తలుపు వెనక ఒక మనిషి ఒక అడుగు ముందుకు వేసి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉందని నాకు అనిపిస్తుంది.