బావ ఎర

మా అక్క భర్తకు, అంటే మా బావకు, ఈమధ్య గాలం పిచ్చి పట్టింది. చెరువులో చిన్న చేపలకు వాడే సన్న దారం కొనుక్కుని నన్ను చింతపల్లి సముద్రపొడ్డు రాళ్ల మీదికి ఈడ్చుకెళ్లాడు. రాళ్ల సందుల్లోని చేపకు మందపాటి దారం కావాలని, బరువుకు పాత ఇనప నట్టు కట్టుకోమని దారి పొడుగునా చెప్పాను. వింటేనా!

ఎర అంతకన్నా ఘోరం. ముందురోజు కొన్న రొయ్యల్ని రాత్రంతా స్కూటర్ డిక్కీలో పడేసి ఉంచాడు. కవరు విప్పగానే నేను ముక్కు మూసుకున్నాను.

"ఏటి బావా ఈ కంపు?"

"కంపు కొడితేనే సేప వస్తాది. నీకేటి తెల్సు, నువ్వు సూడు!"

చూశాను. దారం రాళ్లకు చిక్కి తెగిపోతూనే ఉంది. తెగనప్పుడు కూడా చేప పడలేదు. బండ మీద పెట్టిన ఎరను ఒక కాకి ముక్కుతో పొడిచి, అసహ్యంగా విదిలించి ఎగిరిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అక్క గోంగూర రొయ్యల కూర పంపింది. పులుపు అద్భుతంగా కుదిరింది. మారు వడ్డించుకుని, గిన్నె కూడా తుడుచుకు తిని, ఫోన్ చేసి మెచ్చుకున్నాను.

అక్క మురిసిపోయింది. "నిన్న మీరిద్దరూ జాలరోళ్లకి వల లాగి పెడితే వాటా ఇచ్చినారంట కదరా! మీ బావే పసుపూ నిమ్మకాయా ఏసి, శుభ్రంగా కడిగి మరీ ఇచ్చినారు."

మేం ఏ వలా లాగలేదు. కాకి వదిలేసినవి నేను మారు వడ్డించుకున్నాను.