దిగేవాళ్ళని దిగనివ్వండి

కండక్టర్ బాబాయికి ఒకటే జబ్బు. ఎవరైనా కలుపు మొక్క మీద చెయ్యి వేస్తే చాలు, ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి, "ఆగండాగండి! దిగేవాళ్ళని ముందు దిగనివ్వండి!" అని అరుస్తాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సులో తలకాయలు లెక్కపెట్టిన మనిషి. రిటైరయ్యాక కాలనీ ఉమ్మడి తోటలో ఆయనకో మడి దొరికింది. అందులో ఆయన నాటినవి రెండు వంగ మొక్కలు, వాటంతటవే మొలిచినవి పద్నాలుగు రకాలు. ఆ పద్నాలుగింటి మీదా ఎక్కిందెవరు, దిగిందెవరు అని పొద్దున్నే భూతద్దం పట్టుకుని తనిఖీ. ఒక్క చీమ తేడా వచ్చినా మళ్ళీ మొదటినుంచి లెక్క.

"బాబాయ్ గారూ, మీ ఉత్తరేణి మీద డజను పురుగులున్నాయి, పీకెయ్యండి," అంది పక్క మడి టైలరమ్మ ఒకసారి.

"పదకొండేనమ్మాయ్. పన్నెండోది వట్టి చర్మం. ఆసామీ ఎప్పుడో దిగిపోయాడు."

ఇంకోసారి ఆవిడ బెండ మొక్కల మధ్య గరిక పీకుతుంటే పావుగంట ఆపేశాడు. వేళ్ళ కింద వానపాము ఉందట. "పెద్దాయన, మెల్లిగా దిగుతాడు." టైలరమ్మ తల కొట్టుకుంది. ఈయనకి పురుగుల మీదున్న ప్రేమ మనుషుల మీద లేదని తోటంతా చెప్పింది కూడా.

అలాంటిది, మెట్ల మీద జారిపడి ఆవిడ కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. కిటికీ కూడా లేని గదిలో పొద్దస్తమానం మిషను తొక్కే మనిషికి ఆ మడే గాలీ వెలుతురూ. ఆరేళ్ళు కాచుకుంటే దొరికింది. ఇప్పుడు అందులో కలుపు మోకాలు దాటింది. మోకాలు దాటితే మడి తీసేసుకుని జాబితాలో తరవాతివాళ్ళకి ఇవ్వాలని రూలు. తరవాత ఉన్నది కాలనీ ప్రెసిడెంటు బావమరిది. అప్పుడే పార కూడా కొనేశాడు.

మూడు వారాలు గడిచాక ప్రెసిడెంటు కొలబద్దతో దిగాడు.

"ఇంకో మూడు వారాల్లో కట్టు విప్పుతారండీ," అని బతిమాలింది టైలరమ్మ.

"నేనేం చెయ్యనమ్మా, రూలు రూలే. ఇవాళే పీకించి తరవాతివాళ్ళకి ఇచ్చేస్తా," అని జిల్లేడు మొక్క పట్టుకున్నాడు.

"ఆగండాగండి!" బాబాయి రానే వచ్చాడు. ఆకు తిప్పి భూతద్దం ప్రెసిడెంటు చేతిలో పెట్టాడు. "సీతాకోకచిలుక గుడ్లు. పదిహేడు. దిగాక పీకండి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఇరవై ఒక్క రోజులు."

"ఆవగింజలో సగం లేదు, దీనికి అన్ని రోజులా?"

"బస్సు చిన్నదైతే దారి దగ్గరవుతుందా అండీ? గేటు దగ్గర 'సీతాకోకచిలుకలకు స్వాగతం' అని బోర్డు పెట్టించింది మీరే. కింద మీ పేరు కూడా ఉంది."

ప్రెసిడెంటు ఆకు వదిలేశాడు. "సరే. ఇరవై రెండో రోజు వస్తా."

నాలుగో రోజు టైలరమ్మ వచ్చి చూస్తే గుడ్లు లేవు. చారల గొంగళిపురుగులు చకచకా ఆకు నములుతున్నాయి.

"బాబాయ్ గారూ! ఇరవై ఒక్క రోజులన్నారు?"

"ష్... ఇవెప్పుడూ నాలుగు రోజులకే పగులుతాయి."

"మరి అబద్ధం చెప్పారా?"

బాబాయికి రోషం వచ్చింది. "నా లెక్క ఎప్పుడైనా తప్పిందా? ఆయన గుడ్ల సంగతి అడిగాడు, నేను నీ చేతి సంగతి చెప్పాను. అంతే."

టైలరమ్మ నోరు తెరిచేలోపల గేటు చప్పుడైంది. ప్రెసిడెంటు, వెనకాలే ఇరవై రెండో రోజు దాకా ఆగలేక పార భుజాన వేసుకుని బావమరిది.

ఆవిడ ఎడంచేత్తో గొడుగు విప్పి, జిల్లేడుకి అడ్డంగా నిలబడింది.

"ఎండ మండిపోతోందండీ," అంది వాళ్ళతో. ఆకాశం నిండా మబ్బులు.